కొత్త ఇంజనును అలవాటు చేయటం – ఒక పాత నియమం కథ



కొత్త కోడెల జతను కొని ఇంటికి తెచ్చుకున్న రోజున మీరేం చేస్తారు? నేరుగా తోలుకుపోయి లోతు దుక్కికి కడతారా? కట్టరు. ముందు ఉత్త కాడిని మెడమీద పెట్టి నాలుగు రోజులు అటూ ఇటూ తిప్పుతారు. తరువాత ఉత్త బండికి కడతారు. ఆ తరువాత తేలిక నేలలో గుంటక తోలిస్తారు. అంచెలంచెలుగా బరువు పెంచుకుంటూ పోతారు. అట్లాగని ఏడాది పొడుగునా కొట్టంలో కట్టేసి, మేత వేసి, వీపు నిమురుతూ కూర్చుంటే ఆ కోడె ఎద్దవుతుందా? కాదు. దానికి కాడి తెలియదు, బరువు తెలియదు. ఎక్కువ కట్టినా చెడుతుంది, అసలు కట్టకపోయినా చెడుతుంది.

కొత్త మోటారు సైకిలు ఇంజను సంగతి కూడా సరిగా ఇంతే. ఇవాళ పాలకేంద్రానికి పోవాలన్నా, ఎరువు బస్తా తేవాలన్నా, పొలం దగ్గర మోటారు వేసి రావాలన్నా మోటారు సైకిలే. చాలామంది వాయిదాల మీద కొంటున్నారు. కొన్న రోజున షాపువాడూ చెబుతాడు, మెకానిక్కూ చెబుతాడు, పక్కింటి అబ్బాయీ చెబుతాడు: “బండి రన్నింగ్-ఇన్‌లో ఉంది, నలభై దాటవద్దు” అని. ఎందుకు దాటవద్దో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ నియమం ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ఇప్పటికీ అందులో పనికివచ్చేది ఎంత, పనికిరానిది ఎంత అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం. ఎందుకు చెప్పదలచానంటే, ఆ నియమాన్ని సగమే తెలుసుకుని చెప్పటం వలన నేను ఒక రైతుకు నష్టం కలిగించాను. ఆ కథ కూడా చివరలో దాచకుండా చెబుతాను.

ముందు మన ఇంట్లో వస్తువునే తీసుకుందాం. తిరగలి ఉన్నది గదా. కొత్త తిరగలి కొన్నాక వెంటనే అందులో పిండి విసురుతారా? మన తల్లులు అట్లా చేసేవారు కాదు. ముందు తవుడో, ఊకో, నూకలో వేసి రెండు మూడు వాయిలు విసిరి, ఆ పిండిని బయట పారబోసేవారు. ఎందుకు? కొత్త రాయిలో ఉలి గంట్ల అంచులు పదునుగా ఉంటాయి. పై రాయి, కింది రాయి ఒకదానితో ఒకటి ఇంకా పొసగలేదు. తొలి విసురులో ఆ అంచులు రాలి, రాతి పొడి పిండిలో కలుస్తుంది. రెండు రాళ్ళూ పొసిగాక అసలు పని మొదలు. ఇంకొక మాట కూడా జ్ఞాపకం పెట్టుకోండి: గంట్లు పూర్తిగా అరిగి నునుపైతే మళ్ళీ తిరగలి పనికిరాదు, గంట్లు కొట్టించవలసిందే. ఈ మూడు సంగతులూ, అంటే అంచులు రాలటం, రాలిన పొడిని పారబోయటం, మరీ నునుపు కాకుండా చూడటం, ఇంజనులోనూ ఉన్నాయి.

ఇంజనులో సిలిండరు అనే గొట్టం ఉంటుంది. మెకానిక్కులు దానిని బోరు అంటారు. అందులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టను చుట్టూ గాడుల్లో రింగులు ఉంటాయి. పైన మంట పుట్టినప్పుడు ఆ వాయువు కిందికి జారిపోకుండా ఆపేవి రింగులు. కింది నూనె పైకి ఎగబాకి మండిపోకుండా ఆపేవీ రింగులే. రింగు తన స్ప్రింగు బలంతోనే గోడను నొక్కుతుందనుకుంటాం గాని, అది కొంతవరకే నిజం. మండిన వాయువు రింగు వెనుక ఉన్న గాడిలోకి దూరి, దానిని బయటికి తోసి గోడకు గట్టిగా అదుముతుంది. అంటే ఇంజను మీద బరువు పడితేనే రింగు గోడను బాగా పట్టుకుంటుందన్నమాట. ఈ ఒక్క విషయం బాగా గుర్తుంచుకుంటే తక్కిన కథ అంతా సులువుగా అర్థమవుతుంది.

ఇక చరిత్రలోకి పోదాం. 1712లో ఇంగ్లండులో న్యూకోమెన్ అనే ఆయన గనుల్లో నీళ్ళు తోడటానికి ఆవిరి యంత్రాన్ని నిలబెట్టాడు. మన మోటారు బావి పని లాంటిదే. ఆనాటి సిలిండరు గుండ్రంగా, నునుపుగా ఉండేది కాదు. పిస్టను చుట్టూ తోలు బిళ్ళ బిగించి, పైన నీళ్ళు పోసి సందులు మూసేవారు. తరువాత జేమ్స్ వాట్ తన యంత్రానికి నార తాడు చుట్టి, కొవ్వు పూసి ప్రయత్నించాడు. అయినా ఆవిరి కారిపోయేది. 1775 ప్రాంతంలో జాన్ విల్కిన్సన్ సిలిండరును సరిగా తొలిచే యంత్రం చేసిపెట్టాక గాని వాట్ యంత్రం కుదుటపడలేదు. 50 అంగుళాల వెడల్పు సిలిండరులో ఒక పాత షిల్లింగు నాణెం మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ అప్పట్లో గొప్పగా చెప్పుకున్నాడు. నాణెం మందం అంటే ఇవాళ్టి లెక్కలో ఎంతో పెద్ద తేడా. ఇప్పటి మోటారు సైకిలు బోరులో వెంట్రుక మందమంత అరిగినా మెకానిక్కు తల అడ్డంగా ఊపుతాడు. మనిషి పనితనం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూశారా!

1850ల తొలి సంవత్సరాలలో ఇంగ్లండు రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ మరొక మెట్టు ఎక్కించాడు. లోహపు కడ్డీని సిలిండరు కంటె కొంచెం పెద్ద వలయంగా వంచి, ఒకచోట చీలిక ఉంచి, దానిని నొక్కి పిస్టను గాడిలో పెట్టాడు. అది స్ప్రింగులాగా బయటికి విచ్చుకోజూస్తూ గోడను అంటిపెట్టుకుని ఉంటుంది. నార తాళ్ళూ, కొవ్వు ముద్దలూ పోయాయి. మనం ఇవాళ షాపులో “రింగు సెట్టు ఇవ్వండి” అని అడిగేది దాని సంతానమే. అయితే లోహం మీద లోహం పెట్టినప్పుడు కొత్త తిరగలి సమస్య వచ్చిపడింది. రింగు, గోడ మొదట అక్కడక్కడా ఎత్తు ముక్కుల మీదనే తాకుతాయి. అవి రాలి, రెండూ పూర్తిగా కలిసేదాకా యంత్రాన్ని చూసుకుని నడపాలి. ఇంజనును అలవాటు చేయటం అన్న మాటకు మూలం ఇక్కడ ఉన్నది.

1876లో జర్మనీలో ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజనును నడిపించాడు. 1885లో డైమ్లర్, మేబాక్ కలిసి చిన్న పెట్రోలు ఇంజనును చెక్క చట్రం మీద బిగించి రెండు చక్రాల బండి చేశారు. 1894లో హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌మ్యుల్లర్ అనేవారు అమ్మకానికి మోటారు సైకిళ్ళు తయారుచేయటం మొదలుపెట్టారు. ఆ తొలి బండ్లలో ఇవాళ్టి లాగా నూనె తిరిగి తిరిగి వచ్చే ఏర్పాటు లేదు. తరువాత చాలాకాలం బండి నడిపేవాడే టాంకు పక్కన ఉన్న చేతి పంపును ఇన్ని మైళ్ళకొకసారి నొక్కుతూ ఉండేవాడు. ఆ నూనె ఇంజనులోకి పోయి, పని చేసి, కొంత మండి, కొంత రోడ్డు మీద కారిపోయేది. కొత్త ఇంజనుకు రెండు నొక్కులు ఎక్కువ నొక్కేవారు. మరిచిపోతే పిస్టను పట్టేసేది.

ఆ నూనె విషయంలో మనకూ కొంచెం సంబంధం ఉన్నది. మన పెద్దలు బండి ఇరుసుకు దేనితో కందెన వేసేవారు? ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి వేసేవారు. ఆ ఆముదమే తొలి రోజుల ఇంజనులకూ ప్రాణం పోసింది. ఆముదం ఎంత వేడికీ లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకుని ఉంటుంది, పెట్రోలులో తేలికగా కరిగిపోదు. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపిన ఇంజను నూనెను తయారుచేసి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు మీదుగానే దానికి కాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఇవాళ ప్రతి ఊరి మెకానిక్కు షెడ్డులోనూ ఆ పేరు కనబడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గిర్రున తిరిగే రోటరీ ఇంజనులున్న విమానాలు ఆముదంతోనే ఎగిరాయి. ఆముదం చాలక 1918 నాటికి అమెరికా ప్రభుత్వం తన దక్షిణ రాష్ట్రాల్లో ఆముదపు పంట వేయించింది. పాలమూరు, నల్లగొండ మెట్ట భూముల్లో పండే గింజకు అంతటి ముచ్చట ఉన్నదన్నమాట! అయితే ఆముదానికి ఒక దోషం ఉన్నది: వేడికి జిగురై, గట్టిపడి రింగుల గాడుల్లో పేరుకుపోతుంది. అందుకని తరువాత భూగర్భ నూనెలదే పైచేయి అయింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముందు వరకు పిస్టన్లు ఎక్కువగా పోత ఇనుముతోనో ఉక్కుతోనో చేసేవారు. 1913 ప్రాంతం నుంచి బెంట్లీ వంటి ఇంజనీర్లు తేలికైన అల్యూమినియం పిస్టన్లు వాడటం మొదలుపెట్టారు. ఇంజను చురుకు పెరిగింది. దానితోపాటు కొత్త చిక్కు కూడా వచ్చింది. వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటె సుమారు రెండింతలు ఉబ్బుతుంది. ఇనుప బోరులో అల్యూమినియం పిస్టను త్వరగా వేడెక్కితే గోడకు బిగుసుకుపోతుంది. దీనినే మనవాళ్ళు “సీజయింది” అంటారు. కొత్త బండిలో సందు తక్కువ, గరుకు ఎక్కువ, రాపిడి వేడి ఎక్కువ. కాబట్టి భయమూ ఎక్కువ.

ఈ భయం నుంచే రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో “తొలి 500 మైళ్ళు గంటకు 30 మైళ్ళు దాటవద్దు” వంటి నియమాలు గట్టిపడ్డాయి. ఇంగ్లండులో కొత్త కారు కొన్నవారు వెనుక అద్దానికి “ఇంజను కొత్తది, దయచేసి దాటి పొండి” అనే అర్థం వచ్చే చీటీ తగిలించుకుని నెమ్మదిగా పోతుండేవారు. వారిని చూసి నవ్వకండి. ఆనాటికి అది సరయిన పనే. కారణాలు మూడు. ఒకటి, బోరును తొలిచే పనితనం ఇవాళ్టంత నాణ్యంగా లేదు. రెండు, బేరింగులను చాలాచోట్ల చేతితో గీకి పొసగించేవారు, తక్కిన పొసగటం రోడ్డు మీదే జరగాలి. మూడు, నూనెలో ఇవాళ కలిపే మందులేవీ లేవు. ఈ మూడు లోపాలకూ నెమ్మదితనం ఒక్కటే వైద్యం.

నూనెలో మందు అన్న ఆలోచన ఎక్కడ వచ్చిందో తెలుసా? వ్యవసాయపు ట్రాక్టరు దగ్గర! 1931లో అమెరికాలో కాటర్‌పిల్లర్ సంస్థ డీజిల్ ట్రాక్టరును బయటికి తెచ్చింది. రోజంతా బరువు లాగే ఆ ఇంజనుల్లో మసి, జిగురు పేరుకుని రింగులు గాడుల్లో అతుక్కుపోయేవి. దానికి విరుగుడుగా మసిని కడిగివేసే మందు కలిపిన నూనెను కాలిఫోర్నియా నూనె కంపెనీ ఒకటి 1935లో డెలో పేరుతో అమ్మింది. తరువాత అరుగుదలను తగ్గించే జింకు మందులు వచ్చాయి. దీనితో కొత్త ఇంజను కాలిపోయే భయం చాలా తగ్గింది. గాని నియమం మాత్రం అట్లాగే ఉండిపోయింది. పాతకాలపు బావికి వేసిన కంప లాంటిది. బావి పూడిపోయినా కంప చుట్టూ తిరిగే నడిచాం.

మన దేశం సంగతికి వద్దాం. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలతో 350 బుల్లెట్ బండిని బిగించటం మొదలుపెట్టింది. తరువాత భాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. ఆ బుల్లెట్ బోరు 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. పోత ఇనుప సిలిండరు, గాలితో చల్లబడే ఇంజను. అది నిదానపు గిత్త వంటిది: తొందరపెడితే మొరాయిస్తుంది, కుదుటపడితే బరువుకు వెనుదీయదు. దానిని నెమ్మదిగా అలవాటు చేయటం అవసరమే. మన మెకానిక్కులలో పాత తరంవారు పని నేర్చింది ఇటువంటి బండ్ల మీదనే. వారి నోట “నలభై దాటవద్దు” అన్నమాట స్థిరపడటంలో వింత లేదు.

1960ల తొలి సంవత్సరాలలో మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ సంస్థ నుంచి రాజ్‌దూత్ వచ్చాయి. 1980లో టి.వి.ఎస్. 50 మోపెడు వచ్చింది. ఇవి రెండు స్ట్రోకుల బండ్లు. వీటిలో నూనెను పెట్రోలులోనే కలిపి పోయాలి. ఎక్సలేటరు మూసి పల్లంలోకి దిగితే పెట్రోలుతోపాటు నూనె కూడా తగ్గిపోతుంది. కొత్త బండిని అట్లా వదిలితే పిస్టను పట్టేసేది. అందుకని కొత్తలో నూనె పాలు కొంచెం ఎక్కువ కలపమనీ, వేగం తగ్గించమనీ చెప్పేవారు. అది ఆ బండికి తగిన మాట. 1985లో హీరో హోండా సి.డి.100 వచ్చాక నాలుగు స్ట్రోకుల చిన్న బండ్ల కాలం మొదలైంది. బోరును హోనింగు రాయితో అడ్డదిడ్డంగా, ఒకదానినొకటి కోసుకునే సన్నని గీతలు వచ్చేటట్లు గీయటం, కొలతలు నిక్కచ్చిగా ఉండటం మామూలయింది. ఆ గీతలు మన తిరగలి గంట్ల వంటివే. వాటి లోపల నూనె నిలుస్తుంది, పై అంచుల మీద రింగు పొసుగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చి బండ్లలో పెట్రోలు పాళ్ళను కూడా చాలావరకు యంత్రమే చూసుకుంటున్నది.

ఇప్పుడు కథ మలుపు తిరుగుతుంది. విమానాల పిస్టను ఇంజనులవారు మనకు పూర్తిగా తలకిందులుగా కనిపించే పాఠం చెబుతారు. కొత్త సిలిండరు వేసిన విమానాన్ని వారు నేలమీద ఊరికే తిప్పుతూ ఉంచరు. ఎగిరించి, ఇంజను శక్తిలో సుమారు 65 నుంచి 75 పాళ్ళ వరకు బరువు పెట్టి నడుపుతారు. నూనె వాడకం నిలకడకు వచ్చేవరకు మందులు కలపని సాదా నూనె పోస్తారు. ఎందుకు? ఇందాక చెప్పినట్లు రింగును గోడకు అదిమేది మంట వత్తిడి. వత్తిడి చాలకపోతే రింగు గోడను సరిగా తాకకుండా నూనె పొర మీద తేలుతూ జారుతుంది. ఆ నూనె వేడికి కమిలి గోడమీద గాజులాంటి పూత కడుతుంది. హోనింగు గీతలు మూసుకుపోతాయి. ఇక ఆ రింగు ఎన్నటికీ పొసగదు. ఇంజను నూనె తాగుతుంది, పొగ కొడుతుంది. నీళ్ళు తోడే డీజిలు ఇంజనులను, జనరేటర్లను బరువు లేకుండా గంటల తరబడి తిప్పేవారికి ఈ జబ్బు బాగా తెలుసు.

ఇక నా తప్పు చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసే మండలంలో ఒక పాడి రైతు వాయిదాల మీద కొత్త మోటారు సైకిలు కొన్నాడు. పొద్దునా సాయంత్రం రెండు క్యాన్ల పాలు కేంద్రానికి వేయాలి. దారిలో చెరువు కట్ట ఎక్కుడు ఉన్నది. నన్ను ఆపి, “సార్, కొత్త బండిని ఎట్లా చూసుకోవాలి?” అని అడిగాడు. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. విత్తనం గురించి అడిగితే నాలుగుసార్లు ఆలోచించి చెబుతాను. ఇంజను గురించి మాత్రం నా చిన్నప్పుడు విన్నదే చెప్పాను: “నలభై దాటకు పెద్దాయనా, అంతే.” ఆయన ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు.

ఏడాది తిరిగేలోపు బండి తెల్లని పొగ కొట్టటం మొదలుపెట్టింది. నూనె తాగుతోంది. కట్ట ఎక్కటం లేదు. పాలు ఆలస్యమై రెండుసార్లు విరిగిపోయాయి. ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చి, కోపం లేకుండానే అడిగాడు: “నలభై దాటొద్దన్నారు సార్. దాటలా. ఒక్క రోజూ దాటలా. మరి పొగెందుకొచ్చింది?” నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం కలిసి మెకానిక్కు దగ్గరికి పోయాం. అతను సిలిండరు విప్పి చూపించాడు. గోడ అద్దంలా మెరుస్తోంది. హోనింగు గీత ఒక్కటి లేదు. “ఇది స్పీడుగా పోయి చెడలేదు సార్. రెండు క్యాన్ల బరువుతో టాప్ గేరులోనే ముక్కుతూ మూలుగుతూ పోయి చెడింది. రోజూ అదే దారి, అదే స్పీడు. పైగా మొదటి ఆయిలు కూడా మార్చలేదు” అన్నాడు. నిజమే. టౌనుకు సర్వీసుకు పోతే సాయంత్రం పాలు తప్పిపోతాయని ఆయన పోలేదు. నేను కూడా నూనె మాటే ఎత్తలేదు. రీబోరు, కొత్త పిస్టను, రింగులు అన్నీ కలిపి రెండు నెలల పాల డబ్బు అందులో పోయింది. వాయిదా మాత్రం ఆగలేదు.

రీబోరు చేసిన ఇంజను మళ్ళీ కొత్త ఇంజనే. ఈసారి మెకానిక్కు చెప్పినదీ, బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్నదీ కలిపి ముగ్గురం కూర్చుని ఒక పద్ధతి అనుకున్నాం. మొదటి కొన్ని రోజులు పాలు వాళ్ళ అబ్బాయి సైకిలు మీద రెండు విడతలుగా వేశాడు. పెద్దాయన బండిని తేలికగా, వేగం మారుస్తూ, గేర్లు మారుస్తూ తిప్పాడు. సమయానికి నూనె మార్పించాడు. ఆ బండి ఆ తరువాత పొగ కొట్టలేదు. ఆ పద్ధతినే మీకూ చెబుతున్నాను.

మొదటిది, బండితో వచ్చిన పుస్తకాన్ని చదవండి, చదవలేకపోతే చదివించుకోండి. నా మాటకూ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకం మాటే నెగ్గాలి. ఏ వేగం వరకు, ఎన్ని కిలోమీటర్ల వరకు అన్నది బండిని బట్టి మారుతుంది.

రెండవది, పొద్దున స్టార్టు చేశాక అర నిమిషమో నిమిషమో ఆగి, తొలి కిలోమీటరు రెండు కిలోమీటర్లు నిదానంగా పొండి. బండి నడుస్తూ వేడెక్కటమే మంచిది. ఇంటి ముందు పావుగంట సేపు స్టాండు మీద పెట్టి ఊరికే తిప్పవద్దు. చల్లని ఇంజనును గట్టిగా రైజ్ చేయటం అసలే వద్దు.

మూడవది, ఒకే వేగంతో చాలాసేపు పోవద్దు. కొంచెం ఎక్సలేటరు ఇచ్చి వేగం పెంచండి, మళ్ళీ మూసి తగ్గనివ్వండి. వేగం పెంచినప్పుడు రింగు గోడకు అదుముకుంటుంది. మూసినప్పుడు కాస్త చల్లబడుతుంది, నూనె పైకి వచ్చి తడుపుతుంది. ఈ మాట నాలుగు స్ట్రోకుల బండ్లకు. కొత్త బండితో హైవే మీద దూర ప్రయాణం పెట్టుకోవటం కంటె పల్లెటూరి రోడ్డే మేలు.

నాలుగవది, గేరు. ఇంజను మూలుగుతుంటే కింది గేరులోకి దిగండి. ఎక్కుడు దారిలో టాప్ గేరులో ఈడ్చటం ఇంజనుకు ప్రాణాంతకం. అదేవిధంగా కింది గేరులో చెవులు చిల్లులు పడేటట్లు అరిపించటమూ కూడదు. చక్రం వేగం కంటె ఇంజను ఎంత కష్టపడుతోందన్నదే ముఖ్యం. నలభై అనే అంకె దానిని చెప్పదు. మీ చెవి చెబుతుంది.

ఐదవది, బరువు. తొలి 500 కిలోమీటర్లు బస్తాలు, నిండు క్యాన్లు, ముగ్గురు మనుషులు వద్దు. (ముగ్గురు తరువాత కూడా వద్దు సుమండీ!) ఆ తరువాత కోడెకు పెంచినట్లు అంచెలంచెలుగా పెంచండి. ఎండాకాలంలో గంట నడిపితే పది నిమిషాలు నీడన ఆపండి.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యం: మొదటి నూనె. మన దేశపు మోటారు సైకిళ్ళలో చాలావాటికి మొదటి సర్వీసు 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య చెబుతారు. కొత్త తిరగలి తొలి పిండిని ఎట్లా పారబోస్తామో ఆ నూనెనూ అట్లాగే తీసివేయాలి. రాలిన లోహపు పొడి అందులోనే ఉంటుంది. నల్లబడలేదు గదా, ఇంకో నెల పోనీ అనుకోవద్దు. వారానికొకసారి నూనె మట్టం చూసుకోండి. కారు నూనె మిగిలింది గదా అని మోటారు సైకిలులో పోయవద్దు. మన బండ్లలో చాలావాటికి క్లచ్చి ప్లేట్లు అదే నూనెలో మునిగి ఉంటాయి, జారిపోతాయి. డబ్బా మీద పుస్తకంలో చెప్పిన గ్రేడుతోపాటు జాసో ఎం.ఏ. అని గాని, ఎం.ఏ.2 అని గాని ఉన్నదేమో చూసి కొనండి. తీసిన పాత నూనెను కాలువలో పోయవద్దు.

ఇంజనుతోపాటు తక్కిన బండి కూడా కొత్తదే. టైర్ల మీద తయారీ నునుపు ఉంటుంది, తొలి రోజుల్లో తడి రోడ్డు మీద జారుతుంది. బ్రేకులు పొసగటానికి కొన్ని రోజులు పడుతుంది. గొలుసు సాగుతుంది, బోల్టులు వదులవుతాయి. మొదటి సర్వీసులో వీటిని బిగించటం కూడా ఒక పని. విద్యుత్ బండి కొన్నవారికి రింగుల గొడవ లేదు గాని టైర్లు, బ్రేకుల మాట వారికీ వర్తిస్తుంది.

ఇదే సూత్రం పొలంలో తక్కిన యంత్రాలకూ పనికివస్తుంది. కొత్త డీజిలు ఇంజనును, లేదా రింగులు మార్చిన పాత ఇంజనును, నీళ్ళు తోడకుండా ఊరికే తిప్పుతూ ఉంచవద్దు. తేలిక బరువుతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచండి. కొత్త ట్రాక్టరుకు చాలా కంపెనీలు 50 గంటలకు మొదటి సర్వీసు చెబుతాయి. దుక్కి సీజనులో ఉన్నాం గదా అని దానిని దాటవేయవద్దు. రెండు స్ట్రోకుల పవర్ స్ప్రేయరులో నూనె పాళ్ళను కొలిచి కలపండి, కంటితో అంచనా వేయవద్దు.

చివరిగా నా తోటి విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. మన చేతికి వచ్చే ప్రతి నియమానికీ ఒక పుట్టుక ఉంటుంది. కారణం ఉన్నన్నాళ్ళు అది నియమం. కారణం పోయాక అది ఉత్త అలవాటు. రైతుకు అంకె ఒక్కటే ఇచ్చి, కారణం ఇవ్వకపోతే, ఆయన దానిని నమ్మకంగా తప్పుగా పాటిస్తాడు. ఎకరాకు ఇన్ని కిలోల ఎరువు అని చెప్పినా, నలభై దాటవద్దని చెప్పినా సంగతి ఒకటే. ఎందుకో చెబితే పరిస్థితిని బట్టి ఆయనే మార్చుకుంటాడు. ఆ పాడి రైతు ఇప్పుడు కొత్త బండి కొన్నవారందరికీ తానే చెబుతున్నాడు. అంకె చెప్పడు. “కోడెను కట్టినట్టు కట్టు, తొలి నూనె పారబొయ్యి” అంటాడు. నేను ఇంత సేపు చెప్పినదంతా ఆ రెండు ముక్కల్లో ఉన్నది.